1,800 మీటర్ల ఎత్తున 12 రాత్రులు: ఒక వేసవి ట్రిప్ కేస్ స్టడీ

నేను ప్రయాణాలు ప్లాన్ చేసిస్తాను. ఈ కుటుంబం నా దగ్గరికి వచ్చింది 2025 జనవరిలో. మొత్తం ఐదుగురు. భార్యాభర్తలిద్దరూ నలభైల్లో ఉన్నారు, ఇద్దరికీ పరుగు, సైకిలు బాగా అలవాటు. కూతురికి 15 ఏళ్లు, వాల్ క్లైంబింగ్ నేర్చుకుంటోంది. కొడుక్కి 9, నీళ్లు కనిపిస్తే చాలు ఆగడు. ఐదో మనిషి భర్తగారి తల్లి, 68 ఏళ్లు. రోజూ ఐదారు కిలోమీటర్లు నడుస్తారు గానీ, దిగుడు దారి వస్తే మోకాళ్లు పట్టేస్తాయి. తేదీల్లో మార్పు లేదు: జులై 6 నుంచి 19 దాకా, 13 రాత్రులు.

మొదటి ఫోన్‌లో వాళ్లడిగింది ఒక్కటే. "చల్లగా ఉండాలండీ. 20 డిగ్రీలు దాటకూడదు."

ఇలాంటి కోరిక విన్నాక నేను దేశాల పేర్లు ఎత్తను. పోయినసారి ట్రిప్‌లో ఏం పాడైందో అడుగుతాను. కలల గురించి అడిగితే అందరూ పోస్టర్లు చెబుతారు, చెడిపోయిన ట్రిప్ గురించి అడిగితే నిజం చెబుతారు. వీళ్లు 2023 జులైలో ఏథెన్స్‌లో ఉన్నారు. ఎండ దెబ్బకి అక్కడి పురాతన కోట అక్రోపోలిస్‌ను మధ్యాహ్నం పూట మూసేసిన రోజులవి. పొద్దున 11 నుంచి సాయంత్రం దాకా హోటల్ గదిలో ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారట. మూడో రోజుకి పిల్లలు కొట్టుకున్నారు, నాలుగో రోజుకి పెద్దవాళ్లు.

ఫైల్లో ఇలా రాసుకున్నాను: "అడిగింది 20 డిగ్రీలు. కావలసింది రోజుకి ఎనిమిది గంటలు బయట ఉండడం." ఈ రెండూ ఒకటి కావు. 13 డిగ్రీల దగ్గర అడ్డంగా కొట్టే వానలో కూడా గదిలోనే కూర్చోవాలి. మిగతా కేసంతా ఈ తేడా మీదే నడిచింది.

వాళ్ల జాబితా

వచ్చేటప్పటికే వాళ్ల దగ్గర ఐదు పేర్లున్నాయి: నార్వే, ఐస్‌లాండ్, కెనడా రాకీ పర్వతాలు, జపాన్‌లోని హొక్కైడో, చివర్లో అనుమానంగా స్విట్జర్లాండ్. అందరూ వెళ్లే చోటు కదా అని ఆ అనుమానం. కూతురి ఓటు మాత్రం గట్టిగా నార్వేకే. ట్రోమ్సోలో అర్ధరాత్రి సూర్యుణ్ని చూడాలని ఆ అమ్మాయి పట్టుదల. జులై మూడో వారం దాకా అక్కడ సూర్యుడు అస్తమించడు కాబట్టి తేదీల లెక్కలో తను చెప్పింది సరైనదే.

పేర్లను పక్కన పెట్టి, చల్లదనం ఎక్కణ్నుంచి వస్తుందో ముందు చూద్దామన్నాను. నా అనుభవంలో అది మూడు రకాలు.

ఒకటి సముద్రపు చల్లదనం. ఐస్‌లాండ్, నార్వే పడమటి తీరం, స్కాట్లాండ్ దీవులు ఈ కోవలోవి. పగలూ రాత్రీ పెద్ద తేడా ఉండదు. రేక్యావిక్‌లో జులై పగటి ఉష్ణోగ్రత సగటున 14, 15 డిగ్రీలు. నమ్మకమైన చలే, కానీ మబ్బు, వాన, గాలి దాంతోపాటే వస్తాయి. బెర్గెన్‌లో జులైలో కూడా వాన పడే రోజులు సగానికి తగ్గవు.

రెండోది ఉత్తరపు చల్లదనం, అంటే కేవలం అక్షాంశం వల్ల వచ్చేది. జనం ఎక్కువగా నమ్మేది దీన్నే, నేను తక్కువగా నమ్మేదీ దీన్నే. వేసవిలో అక్కడ సూర్యుడు 18, 20 గంటలు పైనే ఉంటాడు. గాలి పోకడ మారిందంటే నేల బాగా వేడెక్కుతుంది, చల్లబడడానికి రాత్రంటూ ఉండదు. కెనడాలోని లిట్టన్ దాదాపు 50 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. 2021 జూన్ 29న అక్కడ 49.6 డిగ్రీలు నమోదైంది. ఈ అంకె చెప్పగానే ఆయన, "కెనడాలోనా?" అని రెండుసార్లు అడిగారు.

మూడోది ఎత్తు వల్ల వచ్చే చల్లదనం. ప్రతి 1,000 మీటర్లకీ సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. వేడిగాలులు కొండల మీదికీ చేరతాయి, అందులో అనుమానం లేదు. కానీ కింద 35 ఉన్నప్పుడు 1,800 మీటర్ల దగ్గర 26, 27 ఉంటుంది, రాత్రికి మళ్లీ దుప్పటి కావాలి. దీని ఇబ్బందులు వేరు. ఎండలో చురుక్కుమంటుంది, నీడలో వణుకుతుంది. మధ్యాహ్నం దాటాక ఉరుములు మొదలవుతాయి. మరీ ఎత్తుకు పోతే తల పగిలిపోతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న కుటుంబాన్ని మొదటి రాత్రే 2,500 మీటర్లు దాటి పడుకోబెట్టడం నేను చేయను.

ఈ మూడోదానికి ఇంకో గుణం ఉంది. కొండ ప్రాంతంలో రైళ్లు, కేబుల్ కార్లు ఉంటే ఏ రోజుకి ఎంత చల్లదనం కావాలో ఆ పూట మనమే ఎంచుకోవచ్చు. వేడిగా ఉంటే ఇంకో 600 మీటర్లు పైకి, చలేస్తే 1,000 మీటర్లు కిందికి. తీరంలోనో మైదానంలోనో ఉంటే, వాతావరణం బాగోనప్పుడు అది మారే చోటు దొరికేదాకా వందల కిలోమీటర్లు కారు నడపాలి. అందుకే నేను చోటు చూసేటప్పుడు సగటు ఉష్ణోగ్రత కంటే ముందు ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ ఊరి నుంచి గంటన్నర రెండు గంటల్లో, కారు లేకుండా, ఎంత ఎత్తు పైకీ ఎంత లోతు కిందికీ పోగలం?

కొట్టివేతలు

హొక్కైడో త్వరగానే పోయింది. జపాన్ మిగతా చోట్లతో పోలిస్తే చల్లనే గానీ, జులైలో సప్పోరో పగటి వేడి 25 దగ్గర ఉంటుంది. కొండల దగ్గరికి వెళ్లాలంటే కారు, మాటిమాటికీ మారే బసలు తప్పవు.

కెనడా రాకీల విషయంలో నాకు మనసు ఊగింది. బాన్ఫ్ దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉంది, నడక దారులకి అంతులేదు. కానీ జులై ఆగస్టుల్లో కార్చిచ్చు పొగ ఎప్పుడు కమ్ముతుందో ఎవరూ చెప్పలేరు. 2024 జులైలో జాస్పర్ పట్టణాన్ని మొత్తం ఖాళీ చేయించారు, ఊళ్లో మూడోవంతు కట్టడాలు కాలిపోయాయి. ఆ ఏడాదంతా నా క్లయింట్లలో ఒకరికి తారీఖులు మార్చడం, మరొకరికి దారి మార్చడం ఇదే నా పని. రోజంతా బయట ఉండాలనుకునే కుటుంబానికి పొగ రోజు వాన రోజు కంటే చెడ్డది. వానలో రెయిన్ జాకెట్ వేసుకుని నడవొచ్చు, పొగలో తొమ్మిదేళ్ల పిల్లాణ్ని నడిపించలేం.

ఐస్‌లాండ్ మీద పిల్లల తల్లికి ఆశ ఉంది. నిజానికి పిల్లలతో వెళ్లడానికి అక్కడ ఒక గొప్ప సౌకర్యం ఉంది: దాదాపు ప్రతి ఊళ్లోనూ భూమి వేడితో కాగే ఈత కొలనులు. వాన పడుతున్నా వేడి నీళ్లలో కూర్చోవచ్చు. కానీ వాళ్లు గీసుకొచ్చిన ప్లాన్ దీవి చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు, 1,300 కిలోమీటర్ల పైమాట, తొమ్మిది చోట్ల బస. కొడుక్కి కారులో కడుపు తిప్పుతుందని వాళ్లే చెప్పారు. గాలికి కారు తలుపు విరిగితే ఎంత గొడవో చెప్పేసరికి ఆయన కూడా మెత్తబడ్డారు.

ఇక నార్వే. దీని మీద మూడు ఫోన్లు, ఒక చిన్న తగాదా అయ్యాయి. వాళ్ల కాగితం మీద ట్రోల్‌టుంగా ఉంది. ఫోటోల్లో కనిపించే ఆ రాతి నాలుక దాకా మామూలు దారిలో పోయి రావడమంటే 27 కిలోమీటర్లు, 10 నుంచి 12 గంటలు. తండ్రీకూతుళ్లు చేస్తారు. తొమ్మిదేళ్ల వాడు? పెద్దావిడ? "వాళ్లు హోటల్లో ఉంటారు" అన్నారాయన. ఏథెన్స్ గదిని గుర్తు చేశాను, ఇంకేమీ అనలేదు. ప్రైకెస్టూలెన్ మేలు: పోను రాను 8 కిలోమీటర్లు, నాలుగు గంటలు, పైన 604 మీటర్ల నిట్టనిలువు అంచు. ఆ అంచుకి కంచె లేదు. ఆ పిల్లాడి స్వభావం విన్నాక నాకైతే ధైర్యం చాలలేదు. పైగా ట్రోమ్సోకీ దక్షిణాది లోయలకీ మధ్య విమానం ఎక్కాలి. 13 రాత్రుల్లో ఆరు బసలు అంటే సగం పొద్దులు సామాను సర్దడానికే పోతాయి.

నార్వే మంచి దేశమే. ఈ కుటుంబం నుంచి పిల్లాణ్నీ బామ్మగారినీ తీసేస్తే నేను నార్వేకే పంపేవాణ్ని. కానీ ఐదుగురిలో తక్కువ నడవగలిగేవాళ్లకి రోజూ ఒక మంచి దారి దొరకాలి, ఎక్కువ నడవగలిగేవాళ్లకీ దొరకాలి, సాయంత్రానికి అందరూ ఒకే బల్ల దగ్గర చేరాలి. ఆ కొలతకి నిలిచింది అనుమానంగా రాసుకున్న ఐదో పేరు.

ఎందుకు పొంట్రెసీనా

స్విట్జర్లాండ్ అనగానే అందరికీ ఇంటర్‌లాకెన్ చుట్టుపక్కలే గుర్తొస్తాయి. నేను చెప్పింది ఆగ్నేయ మూలన ఉన్న ఎగువ ఎంగాడిన్ లోయ. లోయ అడుగే 1,700, 1,800 మీటర్ల ఎత్తున ఉంటుంది. చుట్టూ పర్వతాలు అడ్డు ఉండడం వల్ల ఆల్ప్స్ ఉత్తర అంచు కంటే ఇక్కడ వాన తక్కువ. జులైలో పగలు 18, 20 మధ్య, రాత్రి 5 దగ్గర. అందులో నేను ఎంచిన ఊరు పొంట్రెసీనా 1,805 మీటర్ల దగ్గర ఉంది.

నన్ను ఒప్పించింది మాత్రం రైలు. ఊరి స్టేషన్లో బెర్నీనా లైన్ రైలెక్కితే 2,253 మీటర్ల ఎత్తున కనుమ దాటి, అవతలి వైపు ఇటలీలోని తిరానోలో 429 మీటర్లకి దిగుతుంది. రెండు గంటలు పడుతుంది. అంటే వాతావరణం మన మీద కక్ష కట్టిన రోజున, టికెట్ కొన్నంత తేలిగ్గా దాదాపు 1,400 మీటర్లు కిందికి, కొండకి అవతలి పక్కకి పోవచ్చు. లెక్క ప్రకారం 9 డిగ్రీల తేడా. ఈ లైన్‌ని, దాని జంట అయిన ఆల్బులా లైన్‌ని 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అది చూడ్డానికి బాగుంటుంది, నాకు మాత్రం అది వాన రోజుకి గొడుగు.

పెద్దావిడ మోకాళ్లకీ ఇదే జవాబు. ఆవిడకి ఎక్కడం కష్టం కాదు, దిగడం కష్టం. కాబట్టి ప్రతి దారినీ తలకిందులు చేశాను: నడిచి ఎక్కాలి, యంత్రం మీద దిగాలి. మామూలుగా టూరిస్టులు చేసేదానికి ఇది ఉల్టా.

ఖరీదు మాట వచ్చింది. స్విట్జర్లాండ్ ఖరీదే, నార్వే ఐస్‌లాండ్ కూడా చవక కావు. కలిసొచ్చినవి రెండు. ఒకటి, హోటల్ గదులకి బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్. రెండు, స్విస్ ట్రావెల్ పాస్ ఉన్న తల్లిదండ్రులతో వెళ్తే 16 నిండని పిల్లలకి ప్రయాణం ఉచితం. ట్రిప్ నాటికి కూతురికి 16 రావడానికి ఇంకా రెండు నెలలుంటుంది. ఆ అమ్మాయి అలకలోనూ ఈ మాటకి నవ్వింది.

12 రాత్రులు ఒకే చోట, చివరి రాత్రి జ్యూరిక్‌లో విమానాశ్రయం దగ్గర. "ఒకే ఊళ్లో పన్నెండు రోజులా, బోర్ కొట్టదా?" అని తల్లి అడిగారు. ఆవిడకి నచ్చకపోతే ఆరో రోజు లోపు మార్చుకునేలా రద్దు వీలున్న బస వెతికాను. ఆ వెసులుబాటు కోసం కొంచెం ఎక్కువే కట్టాం.

రోజుల పట్టిక

పట్టిక ఇవ్వలేదు. ఇదే ఆయనకి కోపం తెప్పించింది. రెండు జాబితాలు ఇచ్చాను: ఎండ రోజువి ఏడు, వాన రోజువి నాలుగు. మిగతావి ఖాళీ. రోజూ సాయంత్రం ఏడింటికి మెటియోస్విస్ వాతావరణ యాప్ చూసి, మర్నాటికి ఏదో ఒకటి ఎంచుకోవాలి. "ఇంత డబ్బు పెట్టి ఖాళీ రోజులేమిటండీ?" అన్నారు. తేదీ వేసి రాసిన కొండ నడక వానలో ఇరుక్కుంటే, కట్టిన డబ్బు పోతుందని పంతానికి ఎక్కేవాళ్లని నేను చూశాను. ఆ పంతం పిల్లలతో ఉన్నప్పుడు ప్రమాదం.

రెండు నియమాలు మాత్రం గట్టిగా చెప్పాను. చెట్లు ఆగిపోయే ఎత్తు దాటి పైకి పోతే, ఒంటిగంట కల్లా దిగడం మొదలుపెట్టాలి, ఉరుములు అప్పటి నుంచే. ఇంకోటి, అక్కడి పసుపు రంగు దారి గుర్తుల మీద దూరం ఉండదు, సమయం ఉంటుంది. అది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క, చదునులో గంటకి 4.2 కిలోమీటర్ల చొప్పున వేసింది. వీళ్లు దానికి సగం కలుపుకోవాలి. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలున్న దారి కొండ దారి, దానికి గట్టి బూట్లు కావాలి. తెలుపు-నీలం-తెలుపు కనిపిస్తే వెనక్కి తిరగాలి, అది తాళ్లతో ఎక్కేవాళ్లది.

ఏం జరిగింది

మొదటి మూడు రోజులూ వాన. మొదటి సాయంత్రమే ఆయన నుంచి మెసేజ్: "8 డిగ్రీలు. చల్లగా కావాలన్నాం, నిజమే." ఆ మాటలో ఎగతాళి ఎంతో, కోపం ఎంతో నాకు తెలియలేదు. రాత్రంతా టెన్షనే.

మర్నాడు తిరానో రైలెక్కారు. కనుమ దగ్గర పొగమంచులో కిటికీ బయట ఏమీ కనిపించలేదట. దిగుతూ దిగుతూ పోస్కియావో దగ్గరికి వచ్చేసరికి ఎండ. తిరానోలో జాకెట్లు సంచుల్లోకి పోయాయి. బ్రూసియో దగ్గర రైలు తన చుట్టూ తనే ఒక చుట్టు తిరిగి దిగే రాతి వంతెనని పిల్లాడు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రెండు కిటికీల నుంచీ చూశాడు. అదే రైలు మూడో రోజూ ఎక్కారు, ఈసారి పోస్కియావో సరస్సు చుట్టూ నడవడానికి.

నాలుగో రోజు మబ్బు విడిచింది. రోసెగ్ లోయకి వెళ్లారు. కార్లు లేని లోయ, ఏడు కిలోమీటర్లు మెల్లగా ఎక్కుతుంది, మొత్తం పెరిగే ఎత్తు 200 మీటర్లే. చివర హిమానీనదాలు కనిపించే చోట ఒక హోటల్. బామ్మగారు అందరికంటే ముందు చేరారు. తిరుగు ప్రయాణం గుర్రపు బండి మీద. ఆవిడ ఆ లోయకి మొత్తం మూడుసార్లు వెళ్లారు, రెండుసార్లు ఒంటరిగా. నా జాబితాలో అది ఒక్కసారే ఉంది.

నాకు బాగా నచ్చిన రోజు ఎనిమిదోది. తండ్రీకూతుళ్లు కేబుల్ కారులో 2,978 మీటర్ల ఎత్తున ఉన్న డియావొలెట్సాకి వెళ్లి, గైడ్‌తో కలిసి మంచు మీద నడిచి దిగారు. మిగతా ముగ్గురూ కింద మోర్టెరాచ్ స్టేషన్ నుంచి హిమానీనదం వైపు నడిచారు. ఆ దారి పక్కన ఏ ఏడాదిలో మంచు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే పలకలు ఉంటాయి. 1878 నుంచి కొలుస్తున్నారు, ఇప్పటికి దాదాపు 3 కిలోమీటర్లు వెనక్కి పోయింది. బామ్మగారు తను పుట్టిన ఏడాదికి దగ్గరి పలక పక్కన నిలబడి, మంచు ఎక్కడుందో వెతుక్కున్నారట. రెండు జట్లూ ఒకే దారిలో ఎదురెదురుగా కలిశాయి. ఆ దారుల్ని ఎంచుకున్నదే ఆ కలయిక కోసం.

నా తప్పు

ఐదో రోజు మువొట్టాస్ మురాగ్ల్. కొండ రైలు 2,450 మీటర్లకి ఎక్కిస్తుంది, అక్కణ్నుంచి కొండ పక్క వెంబడి ఆల్ప్ లాంగ్వార్డ్ దాకా నడక, ఆపైన చైర్ లిఫ్ట్‌లో ఊళ్లోకి. గుర్తుల మీద రెండుంబావు గంటలు, వీళ్లకి నాలుగు పట్టింది. అద్భుతమైన రోజు. చల్లటి గాలి, 12 డిగ్రీలు, చెమటే లేదు. సాయంత్రానికి పిల్లాడి మెడ, చెవులు ఎర్రగా కందిపోయాయి. రాత్రికి జ్వరం. రెండు రోజులు వాడు గదిలోనే, తల్లి వాడి పక్కన.

ఎత్తు పెరిగే కొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, ప్రతి 1,000 మీటర్లకీ దాదాపు 10 శాతం. చలిలో చర్మం కాలుతున్న సంగతి తెలియదు. ఇదంతా నాకు తెలుసు. కానీ నేనిచ్చిన సామాను జాబితాలో వాన బట్టల గురించి ఒకటిన్నర పేజీ ఉంది, సన్‌స్క్రీన్ గురించి ఒక్క లైను, అదీ చివర్లో. చల్లదనం అమ్ముతూ అమ్ముతూ ఎండని మర్చిపోయాను. వేడి నుంచి తప్పించడానికి పంపిన కుటుంబంలో ఒకడు ఎండ దెబ్బకే రెండు రోజులు గదిలో ఉన్నాడు. తల్లికి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. ఇప్పుడు నా జాబితాలో మెడ కప్పే టోపీ, సన్‌స్క్రీన్, నల్ల కళ్లద్దాలు మొదటి మూడు లైన్లు. రెయిన్ జాకెట్ నాలుగోది.

లెక్క

12 పూర్తి రోజుల్లో తొమ్మిది రోజులు అందరూ కనీసం ఆరు గంటలు బయట ఉన్నారు. ఎనిమిది గంటల లక్ష్యం చేరింది ఐదు రోజులే. మరో ఊరికి మారే వీలుని వాళ్లు వాడుకోలేదు. కొడుకు కోలుకున్నాక స్టాట్స్ సరస్సులో మూడు రోజులు ఈదాడు, అది చిన్నది, లోయలో మిగతా సరస్సులంత చల్లగా ఉండదు. చివరి రెండు రోజులు తల్లి ఒక్కర్తే ఇన్ నది వెంట సైకిలు తొక్కారు, అది ఆవిడ సొంత నిర్ణయం, నా జాబితాలో లేదు.

ఆయన నాకిచ్చిన మార్కులు పదికి ఏడు. ఒకటి సన్‌స్క్రీన్‌కి, రెండోది మొదటి మూడు రోజులకి తీసేశారు. వాన నా చేతిలో లేదన్నాను. "తెలుసు, కానీ ఎవరికో ఒకరికి తియ్యాలి కదండీ" అన్నారు. మూడో మార్కు సంగతి చెప్పలేదు.

కూతురు మాత్రం ట్రోమ్సో మర్చిపోలేదు. వాళ్లు పొంట్రెసీనాలో ఉన్న ఆ జులైలోనే నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌ల మీద వేడిగాలులు దిగాయి. ఆర్కిటిక్ వృత్తం అవతల కూడా 30 డిగ్రీలు దాటింది, ఫిన్లాండ్‌లో వరసగా 22 రోజులు ఎక్కడో ఒకచోట 30 పైనే. ఆ వేడి మొదలైన వార్త చూసి ఆ అమ్మాయి పొంట్రెసీనా నుంచి నాకు మెసేజ్ పెట్టింది: "అంకుల్, ఇది మీకు ముందే తెలుసా?"

తెలీదని రాశాను.